చెదలు తొలిచిన కొమ్మతో శ్రుతి కలిపిన ఆర్కెస్ట్రా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన వైపు అంటారు. మెల్‌బోర్న్‌లో అవి వేసవి చివరి రోజులు. ఉత్తరాన ఎడారి మీదుగా వచ్చే గాలి మధ్యాహ్నం దాకా మాడ్చేస్తుంది. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగిందంటే ఒక్క గంటలో ఎండ సంగతే మరచిపోతాం. అందుకని ఇక్కడివాళ్ళు టోపీనీ చలికోటునూ ఒకే సంచిలో పెట్టుకుని బయలుదేరతారు. ఈ ఫిబ్రవరిలోనే మెల్‌బోర్న్ సింఫొనీ ఆర్కెస్ట్రా ఊరందరి కోసం ఆరుబయట ఉచితంగా కచేరీలు చేస్తుంది. నేను మా అమ్మాయి ఇంటికి వచ్చిన వేసవిలో వాటిలో ఒకదానికి వెళ్ళాను. వేదిక మీద పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందంతో పాటు ఈ దేశపు ఆదివాసుల వాద్యం, వాళ్ళ భాష, వాళ్ళ పాట ఉన్నాయి.

చింతూరు ప్రాంతంలోని గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినదాన్ని. చిన్నప్పుడు రాజమండ్రిలో వీణ నేర్చుకున్నాను. కోయగూడేల్లో రాత్రంతా సాగే డోలు వింటూ ఉద్యోగకాలమంతా గడిపాను. ఆ రెండు సంగీతాలూ నాకు ఆప్తమైనవే. కానీ ఒకే వేదిక మీద, ఒకే మర్యాదతో అవి కలవగా ఎన్నడూ చూడలేదు. ఈ కచేరీ గురించి చెప్పగానే నాలో ఆశ పుట్టడానికి కారణం అదే.

చెప్పింది మా మనవరాలు. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోని బడిలో వయొలిన్ నేర్చుకుంటోంది. "అమ్మమ్మా, ఆదివాసులు ఊదే డిడ్జెరిడూ అనే వాద్యంతో కలిసి పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తుందట. కోయవాళ్ళ డోలు గురించి నాకు చెప్పావు కదా, నువ్వు తప్పకుండా వినాలి" అంది. పులిహోర, దద్దోజనం డబ్బాల్లో సర్దుకుని, దుప్పటి ఒకటి చుట్టుకుని రైలెక్కాం. టార్నీట్ రైల్లో తెలుగు మాట వినపడని పెట్టె ఉండదేమో. మా ఎదురుగా కూర్చున్న నెల్లూరు దంపతులు కూడా అక్కడికే వెళుతున్నారని మాటల్లో తెలిసింది. ఉచితం అని వెళుతున్నామని ముందు చెప్పారు గాని, తిరుగు ప్రయాణంలో ఆ కచేరీలో విన్న వివాదీ స్వరాల (ఒకదానితో ఒకటి పొసగని స్వరాల) గురించి ఆయన అడిగిన ప్రశ్నలు చూస్తే సంగీతం బాగా తెలిసినవారే.

దారిలో రైలు మారి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, ప్రిన్సెస్ వంతెన మీదుగా యారా నది దాటితే అవతల అంతా ఉద్యానవనాలే. ఈ నదికి ఆదివాసులు పెట్టుకున్న పేరు బిర్రారుంగ్. ఇక్కడ ఇప్పుడు బోర్డుల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి. బూన్ వుర్రుంగ్, వురుండ్జెరి వోయి వుర్రుంగ్ ప్రజలు, ఇంకా ఇతర కులిన్ జాతులవాళ్ళు వేల ఏళ్ళుగా ఈ ఒడ్డున కలుసుకునేవారు. తెల్లవాళ్ళు ఊరు కట్టడం మొదలుపెట్టింది 1835లో. నెల్లూరు ఆయన వంతెన మీద నిలబడి, "రెండు వందల ఏళ్ళు కూడా కాలేదన్నమాట" అన్నారు. మన గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట కట్టినది 1850ల మొదట్లో. అంటే ఈ మహానగరం వయసు మా ధవళేశ్వరం ఆనకట్ట వయసుకు కాస్త ఎక్కువ, అంతే.

కచేరీకి ఇంకా చాలా సమయం ఉంది. మా అల్లుడు, "అత్తయ్యా, ముందు మీరు ఒకటి చూడాలి" అని లిన్లిత్‌గో అవెన్యూ పక్కకు తీసుకువెళ్ళాడు. చెట్ల నీడలో ఒక పెద్ద గ్రానైట్ బండ, దాని మీద ఒక ఫలకం. దాని కింద 38 మంది ఆదివాసుల అస్థికలు ఉన్నాయి. విక్టోరియా రాష్ట్రంలో వేర్వేరు జాతులకు చెందినవాళ్ళు వాళ్ళు. ఎవరి సమాధుల నుంచో తవ్వి తెచ్చి, ఏళ్ళ తరబడి మ్యూజియంలో నమూనాలుగా దాచిన ఎముకలు. ఆదివాసులు పోరాడి తిరిగి తెచ్చుకుని 1985లో ఇక్కడ ఖననం చేశారు. ఆ దారిన పరుగు తీస్తున్న యువకులు, సైకిళ్ళ మీద పిల్లలు సాగిపోతున్నారు. నేను చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాను. మనవరాలు ఫలకం మీదున్న జాతుల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివింది. వాటిని ఎలా పలకాలో బడిలో నేర్పారట. ఆ బండకూ కచేరీ జరిగే చోటికీ మధ్య దూరం నడిచివెళ్ళేంతే. కచేరీకి వచ్చే ప్రతి ఒక్కరూ ముందు ఇక్కడికి రావాలనిపించింది.

కచేరీ జరిగే సిడ్నీ మైయర్ మ్యూజిక్ బౌల్ దూరం నుంచే మెరుస్తూ కనిపిస్తుంది. గడ్డి వాలు దిగువన ఒక వేదిక, దాని మీద రెక్క విప్పినట్లున్న లోహపు పందిరి. రెండు ఎత్తయిన స్తంభాల మీద ఉక్కు తాళ్ళ వల బిగించి, అల్యూమినియం తొడిగిన ప్లైవుడ్ పలకలు దానికి కట్టారు. గోడలు లేవు. 1959 ఫిబ్రవరిలో ప్రధాని మెంజీస్ చేతుల మీదుగా ప్రారంభమైంది. సిడ్నీ మైయర్ చరిత్ర మన వలస తెలుగువాళ్ళు తెలుసుకోదగ్గది. రష్యన్ సామ్రాజ్యంలో యూదు కుటుంబంలో పుట్టి, 1899లో దాదాపు ఇంగ్లీషు రాకుండానే ఈ ఊళ్ళో దిగాడు. బెండిగోలో చిన్న దుకాణంతో మొదలుపెట్టి దేశంలోకెల్లా పెద్ద దుకాణాల సంస్థ కట్టాడు. సంపన్నుల హాళ్ళలో మాత్రమే వినిపించే సంగీతం మామూలు జనానికి అందాలని 1929లో బొటానిక్ గార్డెన్‌లో ఉచిత కచేరీలకు డబ్బిచ్చాడు. ఆయన 1934లో పోయాడు. ఆయన పేరిట ఏర్పడిన నిధితోనే తర్వాత ఈ వేదిక కట్టారు. వలస వచ్చినవాడు డబ్బు సంపాదించాక ఏం చేయాలన్నదానికి ఇంతకంటే మంచి జవాబు నేను చూడలేదు.

గేటు దగ్గర సంచులు చూసి లోపలికి పంపారు. వేదిక ముందు కుర్చీలున్నాయి, వాటి వెనక అంతా గడ్డి వాలు. వియత్నాం కుటుంబాలు, గ్రీకు ముసలమ్మలు, పంజాబీ విద్యార్థులు, చక్రాల కుర్చీల్లో వృద్ధులు, చంటిపిల్లల తల్లులు. ఎర్రటి, నల్లటి, పసుపు రంగుల ఆదివాసీ జెండా అచ్చువేసిన చొక్కాలు అక్కడక్కడ కనిపించాయి. పక్క దుప్పటి మీద కూర్చున్న ఒక ఆదివాసీ పెద్దావిడకు మా అమ్మాయి పులిహోర పెట్టింది. కారం ఎక్కువైందేమోనని భయపడ్డాం గాని ఆవిడ రెండోసారి అడిగి పెట్టించుకుంది. తన మేనల్లుడు గాయక బృందంలో ఉన్నాడని, వాడు పాడే మొదటి పాట కోసమే వచ్చానని చెప్పింది.

ఏడున్నరకు వాద్యకారులంతా కూర్చున్నారు. ముందుగా ఈ నేలకు చెందిన ఒక పెద్దాయన మైకు ముందుకు వచ్చి అందరినీ తన నేల మీదికి ఆహ్వానించాడు. ఇలా ఆహ్వానించే హక్కు ఆ నేల మూలవాసులకే ఉంటుంది. మిగిలినవాళ్ళు ఆ నేలను స్మరించి నమస్కరించవచ్చు గాని ఆహ్వానం పలకలేరు. ఆయన తన భాషలో కొన్ని వాక్యాలు మాట్లాడాక, ఇంగ్లీషులో ఒక్క విన్నపం చేశాడు: ఈ నేలనూ నీటినీ పాడుచేయవద్దని. సభ అంతా కదలకుండా విన్నది.

ఆ తర్వాత మొదటి పాట. డెబొరా చీథమ్ ఫ్రెయిలన్ స్వరపరచిన 'లాంగ్ టైమ్ లివింగ్ హియర్' అది. మెల్‌బోర్న్ సింఫొనీ తన కచేరీల ఆరంభంలో వినిపించే నమస్కారగీతం. నేలకు నమస్కారం అనేది ఇక్కడ సభల్లో ఎవరో కాగితం చూసి చదివే నాలుగు వాక్యాలుగా మారిపోయిందని చాలామంది అంటారు. దాన్ని సంగీతంగా, ఈ నేల భాషలో, ఆర్కెస్ట్రా చేత వినిపించాలన్నది చీథమ్ ఆలోచన. కొద్ది నిమిషాల పాట. తంత్రీవాద్యాలు నెమ్మదిగా పరచిన స్వరాల మీద ఒక గొంతు లేచింది, దాని వెనుక గాయక బృందం నిలిచింది. పక్కనున్న పెద్దావిడ పెదవులు కదుపుతూ తానూ పాడింది. మన కచేరీల్లో వర్ణం ముందు వినాయకుడి మీదో, గురువు మీదో ఒక శ్లోకం పాడతాం. ఇక్కడ అటువంటి స్థానం నేలకిచ్చారు. ఆ నేల ఎవరిదో ఆ జనం పేరు చెప్పి మరీ ఇచ్చారు.

ఈ చీథమ్ జీవితం తెలిస్తే ఆ పాట మరింత బరువుగా వినిపిస్తుంది. యోర్టా యోర్టా, యుయిన్ జాతుల సంతతి ఆమె. పుట్టిన మూడు వారాలకే తల్లి నుంచి వేరుచేసి తెల్లవాళ్ళ ఇంట పెంచారు. ఆదివాసీ పిల్లలను ఇలా తల్లుల నుంచి లాక్కోవడం ఇక్కడ దశాబ్దాల పాటు సాగిన ప్రభుత్వ విధానం. దానికి 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో ప్రధాని కెవిన్ రడ్ క్షమాపణ చెప్పాడు. ఆమె ఒపేరా గాయనిగా ఎదిగి, 2009లో ఆదివాసీ గాయకులకు శిక్షణనిచ్చే షార్ట్ బ్లాక్ ఒపేరా సంస్థను స్థాపించింది. 2010లో 'పెకాన్ సమ్మర్' ఒపేరా ప్రదర్శించింది. 1939లో ఆదివాసులను ఉంచిన కమ్మరగుంజా రిజర్వు నుంచి వాళ్ళు ఆకలికీ అవమానాలకూ తాళలేక నది దాటి వెళ్ళిపోయిన కథ అది. 2015లో ఫుట్‌బాల్ తుది పోటీలో జాతీయగీతం పాడమని పిలిస్తే, వేల ఏళ్ళ నాటి ప్రజలున్న దేశాన్ని పడుచుదేశం అనే చరణాన్ని మార్చి పాడతానంది. నిర్వాహకులు ఒప్పుకోలేదు, ఆమె పాడలేదు. 2021 జనవరి 1న ప్రభుత్వమే ఆ మాటను మార్చింది. చీథమ్ పాడనన్నప్పుడు వినని చెవులు అయిదేళ్ళకు విన్నాయి.

ఆ పాట తర్వాత వేదిక మీదికి డిడ్జెరిడూ వాద్యకారుడు వచ్చాడు. ముప్పై దాటని యువకుడు. విలియం బార్టన్‌ను ప్రత్యక్షంగా వినే అవకాశం నాకు ఇంకా రాలేదు, ఈ యువకుడు ఆయన వేసిన దారిన వచ్చినవాడు. బార్టన్ మౌంట్ ఐసాలో పుట్టిన కల్కడుంగా జాతి కళాకారుడు. మామయ్య దగ్గర విద్య నేర్చుకుని, పదిహేడేళ్ళకే క్వీన్స్‌లాండ్ సింఫొనీ ఆర్కెస్ట్రాతో వాయించాడు. ఈ వాద్యాన్ని ప్రపంచంలోని పెద్ద పెద్ద శాస్త్రీయ వేదికల మీద కూర్చోబెట్టింది ఆయనే. ఇప్పుడు స్వరకర్త కూడా.

మేము కూర్చున్న చోటి నుంచి వాద్యాలు బాగా కనిపించాయి. ఒక స్టాండు మీద మూడు పెట్టాడు. ఒకటి పొట్టిది, ఒకటి మనిషి ఎత్తు, మూడోది ఇంకా పొడుగు, అడుగున వెడల్పుగా విచ్చుకుని ఉంది. యూకలిప్టస్ చెట్టును బతికుండగానే చెదలు లోపలి నుంచి తొలిచేస్తాయి. అడవిలో తిరుగుతూ, కాండాన్ని తట్టి, లోపల ఎంత బోలుగా ఉందో చెవితో పోల్చుకుని, సరైన చెట్టును ఎంచి నరుకుతారు. బెరడు తీసి, లోపల శుభ్రం చేసి, ఊదే చివర తేనెమైనం అద్దుతారు. ఆ మైనం పెదవుల మీద గట్టిగా అతుక్కుని గాలి పక్కకు పోకుండా ఆపుతుంది. పాతబడిన ఇత్తడి రంగులో ఆ మైనపు అంచు దీపాల కింద నున్నగా మెరుస్తూ కనిపించింది.

ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ భూమిలో యోల్ంగు ప్రజలు దీన్ని యిడాకి అంటారు. పుట్టిల్లు ఆ ఉత్తరమే. మెల్‌బోర్న్ ప్రాంతపు ఆదివాసులకు ఈ వాద్యం సంప్రదాయంగా లేదు. వాళ్ళ స్త్రీలు పోసమ్ అనే జంతువు తోలును మడిచి, ఒళ్ళో పెట్టుకుని చేత్తో వాయించేవారు. తెల్లవాళ్ళు వచ్చేనాటికి 250కి పైగా భాషలున్న ఖండం ఇది. అందరికీ ఒకే వాద్యాన్ని అంటగట్టడం, భారతదేశమంతా కిన్నెర వాయిస్తుందని అనడం లాంటిదే. వాద్యకారుడే ఈ మాట తన పద్ధతిలో చెప్పాడు: తాను ఇక్కడ అతిథినని, ఈ నేల పెద్దల అనుమతితో వాయిస్తున్నానని.

ఇక ఈ వాద్యంతో ఆర్కెస్ట్రాకు ఉన్న చిక్కు. వీణకైతే బిరడా తిప్పుతాం, మృదంగానికి రాయి పెట్టి కొడతాం. డిడ్జెరిడూకు అలాంటి సౌకర్యం లేదు. చెట్టు ఎంత పొడుగు, చెదలు ఎంత తిన్నాయి, ఆ లెక్కతో పుట్టిన శ్రుతే దానికి శాశ్వతం. కాబట్టి స్వరకర్త తన రచనను ఆ శ్రుతి చుట్టూ అల్లుకోవాలి. వాద్యకారుడు కావలసిన శ్రుతి గల కొమ్మను ఎంచి తెచ్చుకుంటాడు. అందుకే స్టాండు మీద మూడు. డెబ్భై ఎనభై మంది శిక్షణ పొందిన వాద్యకారులు, యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌లు, బంగారు పూతపూసినట్లున్న కొమ్ము వాద్యాలు, అన్నీ ఒక చెదలు తొలిచిన కొమ్మకు శ్రుతి కుదుర్చుకుని కూర్చున్నాయి. ఆ సాయంత్రం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఇదే.

పీటర్ స్కల్‌థార్ప్ 1986లో రాసిన 'ఎర్త్ క్రై' వాయించారు. టాస్మేనియాలో పుట్టిన ఈ స్వరకర్త యూరప్ వైపు చూడడం మాని తన చుట్టూ ఉన్న నేలను వినాలనుకున్నాడు. మొదట్లోనే ఆ యువకుడు పొడుగు వాద్యం ఎత్తాడు. ఒక్క ఊపిరి, ఆ వెంటనే భూమి అడుగు నుంచి వచ్చినట్లున్న హోరు మా కింది గడ్డిలోకే పాకింది. తంబురా నాదం చెవికి అలవాటు కాబట్టి నిలకడగా సాగే శ్రుతి నాకు కొత్త కాదు. కానీ తంబురా పాటకు పక్కన నిలుస్తుంది. ఇది తానే పాట, తానే తాళం. ఒకే స్వరం లోపల నాలుక కదలికతో, గొంతు కలపడంతో లయలు పుడుతున్నాయి, మధ్యమధ్య కూకబుర్రా పిట్ట నవ్వు, డింగో కుక్క కూత వినిపిస్తున్నాయి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడా అని చూశాను. బుగ్గల్లో గాలి నిలిపి దాన్ని బయటికి తోస్తూనే ముక్కుతో పీల్చుకుంటున్నాడు. పాములవాళ్ళు నాగస్వరం ఊదేటప్పుడు చేసేది ఇదే. మనవరాలికి చూపించి చెబితే, "మరి వాళ్ళను ఆర్కెస్ట్రాలోకి పిలవరా?" అని అడిగింది.

స్కల్‌థార్ప్ రచన ముగిశాక వచ్చిన భాగమే నన్ను ఎక్కువగా కదిలించింది. తంత్రీవాద్యాలు ఒక్క స్వరసమూహాన్ని పట్టుకుని నిలిచాయి. వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ చేతులు దించేసి, పక్కకు జరిగి, వాద్యకారుడి వైపు తిరిగి నిలబడ్డాడు. అతను అప్పటికప్పుడు పుట్టిన వాయింపుతో ముందుకు సాగాడు. ఆపవలసిన చోటు అతనిదే, వేగం అతనిదే. చెల్లో (వయొలిన్ లాంటి పెద్ద వాద్యం) వాయించే నలుగురూ తమ ముందున్న కాగితం చూడడం మాని అతని భుజాల కదలిక చూస్తూ కమాను లాగుతున్నారు. మన పక్కవాద్యకారులు గాయకుడి ముఖం చూస్తూ అనుసరించే పద్ధతే. పాశ్చాత్య వాద్యబృందం అలా కాగితం వదిలి మనిషిని చూడడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇది ఇక్కడ మొదటి నుంచీ ఇలా లేదు. 1946లో వినిపించిన జాన్ యాంటిల్ 'కొరోబరీ' ఆస్ట్రేలియా శాస్త్రీయ సంగీతంలో పేరుమోసిన రచన. బాల్యంలో తాను చూసిన ఆదివాసుల నృత్యసభ నుంచి పుట్టిందది. గొప్ప ఊపున్న సంగీతమే. కానీ దాన్ని వాయించిన వేదిక మీద ఆదివాసులు లేరు, తమ సంగతి తాము చెప్పుకునే వీలు వాళ్ళకు లేదు. అక్కడి నుంచి చీథమ్ దాకా, బార్టన్ దాకా రావడానికి రెండు తరాలు పట్టింది. 2018లో వచ్చిన గుర్రుముల్ ఆల్బమ్ 'జారిమిర్రి' మరో మెట్టు. పుట్టు అంధుడైన ఆ యోల్ంగు గాయకుడు తన భాషలో పాడిన వంశగీతాలకు యిడాకి వాయించే లయలనే చెల్లోలు, ఇతర వాద్యాలు పలికాయి. ఆదివాసీ భాషలో పాడిన ఆల్బమ్ ఈ దేశపు అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి రావడం అదే మొదలు. అది చూడడానికి ఆయన లేడు, 2017లోనే మరణించాడు.

విరామంలో కాఫీ తాగుతూ అల్లుణ్ణి అడిగాను, ఇంత గౌరవం ఇచ్చే జనం మొన్నటి ప్రజాభిప్రాయ సేకరణలో అలా ఎందుకు ఓటేశారని. పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదివాసీ మండలిని రాజ్యాంగంలో పెట్టాలా అని 2023 అక్టోబరు 14న అడిగితే, నూటికి అరవై మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఔనన్లేదు. "పాట వినడం తేలిక అత్తయ్యా, అధికారంలో చోటివ్వడం కష్టం" అన్నాడు. నిజమే. అయినా మనవరాలి తరం ఆ జాతుల పేర్లు తప్పు లేకుండా పలుకుతోంది. దీన్ని తక్కువచేసి చూడలేను.

నా మనసు మాత్రం గోదావరి గట్టుకు పోయింది. మన దగ్గర మంత్రిగారి కారు ఆగగానే కొమ్ముకోయల నృత్యం ఉంటుంది. అరకులో పర్యాటకుల బస్సు ఆగగానే థింసా ఉంటుంది. అతిథులు లోపలికి వెళ్ళాక డోలు బయట ఎండలో ఉండిపోతుంది. సభలో మైకు వాళ్ళదాకా రాదు. సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్యకు, పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. గుస్సాడి కనకరాజుకు అంతకు ముందు ఏడాది ఇచ్చారు. సంతోషమే. కానీ రామచంద్రయ్య, కనకరాజు ఇద్దరూ 2024లో వెళ్ళిపోయారు. మన సంగీత సభల్లో వాళ్ళ డోలుకు, అడుగుకు శ్రుతి కలిపి ఒక వయొలిన్ విద్వాంసుడు కూర్చున్నాడా? కలవడం మనకు రాని విద్యేమీ కాదు. వయొలినే మనది కాదు. బాలుస్వామి దీక్షితులు దాన్ని తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకుంటే, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కాలానికి అది విజయనగరం సొత్తయింది. ముత్తుస్వామి దీక్షితులు బ్యాండు మెట్లకు సంస్కృతం కట్టారు. ఏడు సముద్రాల అవతలి వాద్యానికి ఇచ్చిన చోటు మన అడవిలోని డోలుకు ఇవ్వలేకపోయాం. భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఒక వేసవి రాత్రి, కోయ గాయకుడు ముందు కూర్చుని పాడగా, మిగిలిన వాద్యాలు అతని శ్రుతికి సర్దుకునే కచేరీ ఒకటి జరగాలని నా కోరిక. శిక్షణ పొందిన కుర్రవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. పిలిచేవాళ్ళు కావాలి.

రెండో భాగమంతా డ్వోర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫొనీ. కార్యక్రమాన్ని అలా కూర్చడం వెనుక ఆలోచన ఉందనిపించింది. చెక్ దేశస్థుడైన డ్వోర్జాక్ 1892లో న్యూయార్క్ సంగీత పాఠశాలకు అధిపతిగా వెళ్ళి, అమెరికా సంగీతం నల్లవాళ్ళ పాటల మీద, ఆదివాసుల పాటల మీద నిలబడాలని బాహాటంగా చెప్పాడు. హ్యారీ బర్లీ అనే నల్లజాతి విద్యార్థి పాడగా ఆ పాటలు విన్నాడు. 1893 డిసెంబరులో ఈ సింఫొనీ మొదటిసారి వినిపించింది. ఆ సింఫొనీ రెండో అంకంలో ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం మీద వచ్చే ఆ నెమ్మదైన రాగం మొదలయ్యేసరికి పొద్దు గుంకింది. సరిగ్గా అప్పుడే పందిరి మీదుగా గబ్బిలాలు రావడం మొదలైంది. బూడిదరంగు తల, మీటరు దాకా విప్పిన రెక్కలు. వీటి ఆవాసం నది ఎగువన యారా బెండ్‌లో ఉంది. ఒకప్పుడు బొటానిక్ గార్డెన్‌లోనే ఉండేవి, 2003లో అక్కడి నుంచి తరలించారు. రాత్రంతా యూకలిప్టస్ పూల తేనె తాగుతూ ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టుకు మోస్తాయి. వేల కొద్దీ జనం వేదిక వదిలి తలెత్తి చూశారు. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అప్పటికి గాలి తిరిగింది, కోట్లు బయటికి వచ్చాయి.

కచేరీ ముగిశాక పక్కనున్న పెద్దావిడ మేనల్లుణ్ణి తీసుకొచ్చి పరిచయం చేసింది. మా మనవరాలు అతణ్ణి మొదటి పాటలోని ఒక వరుస నేర్పమని అడిగింది. అతను రెండుసార్లు పాడి వినిపించాడు, మూడోసారి దానిచేత పాడించాడు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్ళకు, పిల్లల దగ్గరికి ఫిబ్రవరిలో వచ్చే అమ్మానాన్నలకు నాలుగు మాటలు. టికెట్టు అక్కర్లేదని నిర్లక్ష్యంగా వెళ్ళకండి. నియమాలు ఏడాదికోలా ఉండవచ్చు కాబట్టి ఆర్కెస్ట్రా ప్రకటన ముందే చూసుకోండి. నేల మీద కూర్చోలేని పెద్దవాళ్ళుంటే తొందరగా వెళ్ళి ముందున్న కుర్చీలు పట్టుకోండి. ఎండ తగ్గేదాకా టోపీ, పొద్దు దిగాక కోటు, రెండూ తప్పవు. లిన్లిత్‌గో అవెన్యూలోని బండ దగ్గరికి వెళ్ళి ఆ పేర్లు చదవండి. ఆ రోజు చాలామంది డిడ్జెరిడూ సమయానికి వస్తే చాలనుకుని ఆలస్యంగా వచ్చారు. మీరు మాత్రం మొదటి పాటకు ముందే కూర్చోండి.